ఎవరిదీ కాని కార్డుల పెట్టె

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వెళ్లిన మరుసటి ఆదివారం, విజయనగరంలో మా డాబా మీద ఒక పోకీమాన్ కార్డుల ఆట పట్టుమని పది నిమిషాలు కూడా సాగకుండా ముగిసిపోయింది. ఒకవైపు కూర్చున్నవాడు మా అక్క పెద్దకొడుకు. వాడి చేతిలో ఉన్నది విశాఖపట్నంలో ఉండే వాళ్ల బాబాయి ఒక్కొక్కటిగా ఏరి కొనిపెట్టిన కార్డుల కట్ట. ఎదురుగా కూర్చున్నది మా వీధి చివర టిఫిన్ బండి నడిపే ఆయన కూతురు. జాతర అంగళ్లలో కొన్న రెండు ప్యాకెట్లకు, స్నేహితులు పనికిరావని వదిలేసిన కార్డులను కలిపి ఆమె తన కట్ట కూర్చుకున్నది. ఓడిపోయినందుకు ఆ అమ్మాయి ఏడవలేదు, అలగలేదు. కార్డులకు రబ్బరు బ్యాండు వేసుకుంటూ, "ఇందులో నేనాడిందేటుంది మాస్టారూ, ఆడి కార్డులే ఆడీసినాయి" అన్నది. గణితం పాఠాలు చెప్పి బతికేవాణ్ణి కాబట్టి ఆ మాటలో నాకొక లెక్క వినిపించింది. ఆ లెక్క వెంట పడి, ఆరునెలలపాటు మూడు రకాల నియమాలు పెట్టి, రెండింటిలో భంగపడి, చివరికి ఒక పద్ధతికి వచ్చాను. ఆ సంగతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఇటువంటి ఆటలు తెలియని పెద్దల కోసం ముందుగా రెండు మాటలు చెప్పాలి. మనం ఆడే రమ్మీలో కట్ట అందరిదీ. అదృష్టం పంపకంలో ఉంటుంది, నేర్పు ఆడటంలో ఉంటుంది, డబ్బు ఉంటే గింటే పందెంలో ఉంటుంది తప్ప ముక్కల్లో ఉండదు. ట్రేడింగ్ కార్డుల ఆటలో అలా కాదు. ఎవరి కట్ట వారు ఇంటినుంచి తెచ్చుకుంటారు, ఆ కట్టలోకి వచ్చే కార్డులు మూసిన ప్యాకెట్లలో అమ్ముతారు, ప్యాకెట్‌లో ఏమున్నదో విప్పేదాకా కొన్నవాడికి తెలియదు. ఈ పద్ధతికి ఆద్యుడైన రిచర్డ్ గార్‌ఫీల్డ్ కూడా గణితం చదువుకున్నవాడే. ఆయన రూపొందించిన మేజిక్: ది గ్యాదరింగ్ ఆటను విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే అమెరికా సంస్థ 1993 ఆగస్టులో విడుదల చేసింది. తొలి నియమాల ప్రకారం ఒకే కార్డును ఎన్ని ప్రతులైనా కట్టలో పెట్టుకోవచ్చు. అంతేకాక, ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ తమ కట్టలోంచి ఒక్కొక్క కార్డు తీసి పందెంగా పక్కన పెట్టాలి. గెలిచినవాడు రెండూ పట్టుకుపోతాడు. మన గోళీలాటలో 'నిజమాట' అంటే ఇదే కదా. కాలక్రమాన పందెం మరుగున పడింది. ఒక కార్డు నాలుగు ప్రతులకు మించరాదన్న పరిమితి 1994లో వచ్చింది. 1996లో జపానులో పుట్టిన పోకీమాన్ ఆటలోనూ అరవై కార్డుల కట్ట, నాలుగు ప్రతుల పరిమితి ఉన్నాయి. దాడికి శక్తినిచ్చే ప్రాథమిక ఎనర్జీ కార్డులకు మాత్రం ఆ పరిమితి లేదు. ఈ నియమం న్యాయం చేసినట్టే కనిపిస్తుంది గాని, కొనేవాడికి ఒక గమ్యం కూడా చూపించింది: మంచి కార్డు ఏదైనా సరే, నాలుగు ఉండి తీరాలి.

ఇప్పుడు లెక్క. ఒక సెట్‌లో, అంటే ఒక విడతగా విడుదలైన కార్డుల్లో, 60 రేర్ (అరుదైన) కార్డులు ఉన్నాయనీ, ప్రతి ప్యాకెట్‌లోనూ వాటిలో ఒకటి సమానమైన అవకాశంతో వస్తుందనీ అనుకుందాం. మనకు కావలసిన ఫలానా కార్డు దొరకడానికి సగటున 60 ప్యాకెట్లు విప్పాలి. ప్యాకెట్ వంద రూపాయలనుకుంటే ఆరు వేలు. నాలుగు ప్రతులు కావాలంటే 240 ప్యాకెట్లు, అంటే ఇరవైనాలుగు వేలు. ఆ సగటును నమ్ముకున్నా భరోసా లేదు, ఎందుకంటే 60 ప్యాకెట్లు విప్పిన వందమందిలో సుమారు 36 మందికి ఆ కార్డు ఒక్కటి కూడా రాదు. మేజిక్‌లోనైతే 2008లో రేర్‌కు పైన మిథిక్ రేర్ అనే మెట్టు ఒకటి కట్టారు. అది దాదాపు ఎనిమిది ప్యాకెట్లకు ఒకటి చొప్పున వచ్చేది కనుక, 15 మిథిక్‌లున్న సెట్‌లో ఒక ఫలానా మిథిక్ కోసం సగటున 120 ప్యాకెట్లు విప్పాలి. బుద్ధి ఉన్నవారెవరూ ఇలా విప్పుకుంటూ కూర్చోరు కాబట్టే విడికార్డుల మార్కెట్ పుట్టింది. ఆ మార్కెట్‌లో ధరను పెంచే కారణాల్లో కార్డు బలం ముఖ్యమైనది కనుక, బలాన్ని నేరుగా కొనుక్కునే దారి ఏర్పడింది. మా అక్క మరిది ఆ దారినే వెళ్లాడు. మేనల్లుడి మామయ్యగా నేను ఆయనను తప్పుపట్టలేను, పుట్టినరోజుకు ఏదో ఒకటి కొనాలి కదా.

నేను మొదట పట్టుకున్న ఉపాయం నాది కాదు. మేజిక్ ఆడేవారిలో పాపర్ అనే పద్ధతి ఒకటి ఉంది. పేరుకు తగ్గట్టే అది బీదవాడి ఆట. కామన్ స్థాయిలో, అంటే ప్యాకెట్లలో తరచుగా దొరికే రకంగా, ఎప్పుడో ఒకప్పుడు అచ్చయిన కార్డులను మాత్రమే కట్టలో పెట్టుకోవాలి. ఆటగాళ్లు తమంతట తాము ఆడుకుంటున్న ఈ పద్ధతిని సంస్థ 2008లో తన ఆన్‌లైన్ ఆటలో అధికారికంగా చేర్చింది. కాగితపు కార్డుల పోటీలకు 2019 జూన్‌లో గుర్తింపు ఇచ్చింది. ఏ కార్డును నిషేధించాలో చూసుకోవడానికి 2022 జనవరిలో ఒక బృందాన్ని కూడా ఏర్పాటు చేసింది. చవక కార్డులతో ఆడితే ఆట చప్పగా ఉంటుందని అనుకునేవారు పాపర్ ఆటను ఒక్కసారి చూస్తే చాలు. అయితే అందులోనూ ఒక చిక్కు ఉంది. 1993 నాటి అరేబియన్ నైట్స్ సెట్‌లో ఊబ్లియెట్ అనే కార్డు కామన్‌గానే వచ్చింది. 2019లో కాగితపు కార్డుల పాపర్‌లో దానిని వాడవచ్చని తేలగానే, ఎక్కడో పాత అట్టపెట్టెల్లో పడి ఉన్న ఆ కార్డు ధర అమాంతం ఎగిసింది. కామన్ అన్న గుర్తు కార్డు అచ్చయిన నాటి సంగతి చెబుతుంది. ఈనాడు ఎన్ని ప్రతులు మిగిలాయో, ఎందరికి కావాలో చెప్పదు.

పోకీమాన్ కార్డు అడుగున మూలలో చిన్న గుర్తు ఉంటుంది: వృత్తమైతే కామన్, డైమండ్ అయితే అన్‌కామన్, నక్షత్రమైతే రేర్. పిల్లలను కూర్చోబెట్టి, ఇకనుంచి నక్షత్రాలు లోపల పెట్టి వృత్తాలతో, డైమండ్లతో ఆడుదామన్నాను. రెండు ఆదివారాలు బాగానే గడిచాయి. మూడో ఆదివారం ఒక పిల్లవాడు చార్మాండర్‌ను చార్మిలియన్‌గా మార్చి, నా వైపు చూసి, "ఇంతేనా మాస్టారూ, దీనికి రెక్కలు రావా?" అని అడిగాడు. నేను ఆలోచించని విషయం అదే. పోకీమాన్‌లో ఒక జీవి మెట్టు మెట్టుగా మారుతుంది. 1999 జనవరిలో అమెరికాలో వచ్చిన తొలి సెట్‌లోనే చార్మాండర్ కామన్, చార్మిలియన్ అన్‌కామన్, చివరికి రెక్కలతో వచ్చే చారిజార్డ్ రేర్. మేజిక్‌లో కామన్ కార్డు తనంతట తాను సంపూర్ణంగా నిలబడుతుంది. ఇక్కడ కామన్ అంటే తరచుగా ఒక కథకు మొదటి అధ్యాయం మాత్రమే. నక్షత్రాన్ని తీసివేయడమంటే పిల్లవాణ్ణి పదో తరగతిదాకా చదివించి హాల్ టికెట్ ఇవ్వకపోవడం వంటిది. ఒక ఆటకు కుదిరిన న్యాయాన్ని మరొక ఆట మీద రుద్దకూడదని నాకు ఆ ప్రశ్నతోనే తెలిసివచ్చింది.

తరువాత ధరకు హద్దు పెట్టాను: కట్ట మొత్తం విలువ 300 రూపాయలు దాటకూడదు. ఇది ఘోరంగా విఫలమైంది. ఒకే కార్డును ఒకడు విశాఖపట్నంలో ఒక ధరకు కొన్నాడు, ఇంకొకడు ఆన్‌లైన్‌లో మరొక ధరకు తెప్పించాడు, మూడోవాడికి అది ప్యాకెట్‌లో దొరికింది కనుక తనకది ఉచితమని వాదించాడు. ఒక ఆదివారం గంటసేపు ధరల వాదన జరిగింది, ఆట జరగనే లేదు, పిల్లలంతా ఆడిటర్లయిపోయారు. ధర మీద నడిచే పద్ధతి అసాధ్యమని నేననను. మేజిక్ ఆన్‌లైన్‌లో పెన్నీ డ్రెడ్‌ఫుల్ అనే పద్ధతిని ఆటగాళ్లే 2016 నుంచి నడుపుతున్నారు. ఆ ఆన్‌లైన్ మార్కెట్‌లో అతి చవకగా ఉన్న కార్డులనే వాడాలి, కొత్త సీజన్ వచ్చినప్పుడల్లా ఆ జాబితా మారుతుంది. ధరలన్నీ ఒకేచోట, అందరికీ కనిపించేలా ఉంటాయి కాబట్టి అక్కడ అది సాగుతుంది. మా వీధిలో అటువంటి ఉమ్మడి కాటా లేదు. బలమైన కార్డులకు పాయింట్లు వేసి, కట్టకు పది పాయింట్లే అనే కెనడియన్ హైలాండర్ పద్ధతి కూడా చదివాను గాని, పాయింట్లు వేయడానికి ఆటను నాకంటే ఎంతో బాగా ఎరిగినవారు కావాలి. ప్యాకెట్‌లో ఏముందో ముందే చెప్పి అమ్మే లివింగ్ కార్డ్ గేమ్ అనే పద్ధతిని ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ సంస్థ 2008లో తెచ్చింది. జూదం పోయింది, కొనుగోలు మిగిలింది.

దారి చూపించింది మా అమ్మ. పాతపట్నం ఆమె పుట్టిల్లు. సరిహద్దు దాటితే పర్లాకిమిడి. అక్కడ చిత్రకారులు గుడ్డకు చింతగింజల జిగురు పట్టించి, గుండ్రంగా కోసి, రంగులు వేసి గంజప అనే పాతకాలపు ఆటకు ముక్కలు తయారుచేసేవారు. దశావతారాల కట్టలో 120 ముక్కలుంటాయి. అవతారానికి పన్నెండు చొప్పున రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. తన చిన్నప్పుడు తాతగారి అరుగు మీద ఒక్క కట్ట ఉండేదనీ, అది ఎవరిదని ఎవరూ అడిగేవారు కాదనీ, వచ్చినవాళ్లు కూర్చుని ఆడి మళ్లీ చెక్కపెట్టెలో పెట్టి వెళ్లేవారనీ అమ్మ చెప్పింది. చెబుతూ ఉండగానే నాకు క్యూబ్ అనే పద్ధతి గుర్తుకు వచ్చింది. మేజిక్ ఆడేవారు కొందరు తాము ఏరి కూర్చిన కార్డులను ఒకే పెట్టెలో ఉంచి, ప్రతి ఆటకూ అందులోంచి పంచుకుని కట్టలు కట్టుకుంటారు. ఎనిమిది మందికి పదిహేను కార్డుల చొప్పున మూడేసి ప్యాకెట్లు, మొత్తం 360 కార్డులు. ఆట అయిపోగానే అన్నీ పెట్టెలోకి వెళ్లిపోతాయి.

పోకీమాన్‌లో దీనినీ యథాతథంగా దించితే మళ్లీ రెక్కల సమస్యే వస్తుంది. ఒకడికి చార్మాండర్, ఇంకొకడికి చారిజార్డ్ వెళ్తే ఇద్దరికీ దండగ. అందుచేత మా పెట్టెలో కార్డును కాక కుటుంబాన్ని ఒక వస్తువుగా చేశాను. మూడు మెట్లున్న జీవులైతే తొలిరూపం మూడు, నడిమిరూపం రెండు, తుదిరూపం రెండు, కలిపి ఏడు కార్డులు. రెండు మెట్లున్నవైతే మూడు, రెండు చొప్పున అయిదు. ఏడు కార్డుల కుటుంబాలు 16, అయిదు కార్డులవి 8, మొత్తం 152 కార్డులు. ఒక్కొక్క కుటుంబానికి ఒక రబ్బరు బ్యాండు. వీటికి 80 ట్రైనర్ కార్డులు (జీవులు కాక, ఆటలో సాయపడేవి), ఎనిమిది రకాల ఎనర్జీ రకానికి 15 చొప్పున 120. పెట్టె మొత్తం 352. ఈ ఆటలో ఎదుటివాడి జీవిని ఓడించినప్పుడల్లా ముందే పక్కన పెట్టుకున్న ప్రైజు కార్డుల్లోంచి ఒకటి తీసుకోవాలి, తనవన్నీ ముందుగా తీసుకున్నవాడిదే గెలుపు. ఓడినప్పుడు ఎదుటివాడికి రెండు ప్రైజులు ఇచ్చే ఈఎక్స్ కార్డులు మా పెట్టెలో ఉండవు.

ఆరుగురు పిల్లలు చాప చుట్టూ కూర్చుంటారు. 24 కుటుంబాలూ బోర్లా కాక పైకి కనిపించేలా పరుస్తాం. ఎంపిక పాములా మెలికలు తిరిగి వస్తుంది: మొదటివాడి నుంచి ఆరోవాడి దాకా వెళ్లి, ఆరోవాడి నుంచే వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు. ఒక్కొక్కరికి మూడు కుటుంబాలు. ఎదుటివాడు నిప్పు కుటుంబం తీసుకుంటే నీటి కుటుంబం మీదికి చెయ్యి వెళ్లడం పిల్లలకు నేను నేర్పలేదు. బలహీనత ఉన్నచోట దెబ్బ రెట్టింపు అవుతుందని వాళ్లే లెక్క కట్టుకున్నారు. ట్రైనర్ కార్డులు మాత్రం రమ్మీలాగా పదమూడేసి పంచుతాం. పది ఉంచుకుని మూడు వదిలేయాలి. ఎనర్జీ ఎవరికి కావలసినంత వారు తీసుకుని కట్టను 40 కార్డులకు సరిచూసుకుంటారు. కట్ట చిన్నది కనుక ప్రైజులు ఆరుకు బదులు నాలుగే. ముందువారం ఆఖరున నిలిచినవారికి ఈ వారం తొలి ఎంపిక. ఈ చివరి నియమం పెట్టాక, కావాలని ఓడిపోతారేమోనని కొన్నాళ్లు కాపు కాశాను. ఇప్పటిదాకా ఎవరూ ఆ పని చేయలేదు, పిల్లలకు ఓటమి అంటే అంత అసహ్యం.

పెట్టెకు పెట్టిన ఖర్చు 2,860 రూపాయలు. ఇందులో పెద్ద వాటా కార్డులది కాదు, ప్లాస్టిక్ తొడుగులది. ఆ ఖర్చు తప్పదు. మెరుపు పూత ఉన్న కార్డులు మన ప్రాంతపు తేమకు అప్పడాల్లా వంకర తిరుగుతాయి. వంకర కార్డు కట్టలో ఎక్కడున్నదో పక్కనుంచి చూసి పట్టేయవచ్చు, అప్పుడు డబ్బు తెచ్చిన అన్యాయం పోయి దొంగచూపు తెచ్చిన అన్యాయం వస్తుంది. వీపు కనిపించని తొడుగు వల్ల మరొక మేలు కూడా జరిగింది. జాతరలో ఆ అమ్మాయి కొన్న కార్డులను ట్యూబ్‌లైటుకు అడ్డుపెట్టి చూస్తే వెలుగు ఇవతలికి బాగా దూసుకొచ్చింది. అసలు కార్డు అట్ట మధ్యలో నల్లటి పొర ఒకటి ఉంటుంది కనుక అంతగా రానివ్వదు. అవి నకిలీవని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పాక ఆమె అడిగింది ఒక్కటే: "అచ్చు తప్పయితే మనమే సరిగ్గా రాసుకోలేమా?"

అలా చీటీలు వచ్చాయి. వీపు కనిపించదు కనుక తొడుగులో అవి అసలు కార్డులతో కలిసిపోతాయి. పెట్టెకు కావలసి, మాకు దొరకని కార్డులను తెల్లకాగితం మీద రాసి, పాత పేకముక్క మీద పెట్టి తొడుగులోకి దోపుతాం. ఇవి ఇంటి ఆటకే. అధికారిక పోటీలకు పట్టుకెళ్లకూడదు, అమ్మకూడదు అన్నది పిల్లలకు గట్టిగా చెప్పాను. రాసే పని మొదలయ్యాక అది తెలుగులోకి తిరిగింది. ఆటలో జీవికి పట్టే అయిదు దురవస్థలకు పేర్లు పెట్టడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. నిద్ర, విషం, కాలడం సులువుగానే కుదిరాయి. కన్‌ఫ్యూజ్డ్‌కు 'తికమక' అన్నారు. పారలైజ్డ్‌కు నేను పక్షవాతం అంటే అందరూ నవ్వి, 'కొయ్యబారింది' అని ఖాయం చేశారు. కార్డును అడ్డంగా తిప్పినప్పుడు అది నిజంగా కొయ్యబారినట్టే ఉంటుంది. వాడేసిన కార్డుల గుట్టకు 'బుట్ట' అని పేరు. ఇంగ్లీషు చదవడం రాని చిన్నపిల్లలు ఇద్దరు ఈ చీటీలు వచ్చిన తరువాతనే ఆటలో చేరారు. ఖర్చు తగ్గించాలని మొదలుపెట్టిన పనిలో ఇది నేను ఊహించని లాభం.

ఇక నష్టం సంగతి కూడా చెప్పాలి. పెట్టెలో కార్డులు ఎవరివీ కావు కాబట్టి వాటిని ఇంటికి తీసుకుపోయి, పడుకునే ముందు మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకుని, తలగడ కింద పెట్టుకునే భాగ్యం లేదు. వారమంతా ఆలోచించి తన కట్టను తానే చెక్కుకునే సుఖమూ లేదు. చాప దగ్గర కూర్చున్నాక దొరికినదానితోనే కట్ట కట్టుకోవాలి. పెద్దలం మనం న్యాయమని సంబరపడే చోట పిల్లవాడికి 'నాది' అన్న మాట ఒకటి తగ్గిపోతుంది. అందుకే మార్పిడులను నేను ఆపలేదు. ప్యాకెట్లు కొనవద్దని కూడా ఎవరికీ చెప్పలేదు. కొన్న కార్డు ఇంట్లో ఎంతైనా మెరవవచ్చు, చాప మీదికి మాత్రం రాకూడదన్నదే కట్టుబాటు.

పెట్టెలోని చారిజార్డ్‌లు రెండూ మా మేనల్లుడు ఇచ్చినవి. మొదటి ఉత్సాహంలో తెచ్చి పడేశాడు గాని, నెల తిరిగేసరికి నా చుట్టూ తిరగడం మొదలుపెట్టి, ఒకరోజు ఎవరూ లేకుండా చూసి, "మామయ్యా, నా చారిజార్డ్‌లు నాకిచ్చీవా" అని మెల్లగా అడిగాడు. ఇచ్చేశాను. ఆ కుటుంబంలో ఖాళీ అయిన రెండు తొడుగుల్లోకి టిఫిన్ బండి ఆయన కూతురు రెండు చీటీలు రాసి పెట్టింది. హెచ్‌పీ (జీవి ప్రాణబలం), దాడి, అంకెలు అన్నీ సరిగ్గా ఉన్నాయి గాని, బొమ్మ వేసే జాగాలో ఆమె గీసింది చూస్తే రెక్కలున్న తొండలా ఉంది. అసలు కార్డులు ఇప్పుడు మా అక్క ఇంట్లో ఒక స్టీలు డబ్బాలో ఉన్నాయి. ముందువారం ఆఖరున నిలిచాడు కనుక ఈ ఆదివారం తొలి ఎంపిక మా వాడిదయింది. ఇరవైనాలుగు కుటుంబాలనూ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకసారి చూసి, వాడు చెయ్యి చాపి తీసుకున్నది ఆ రెక్కల తొండనే.